ఊట తల్లికి ఒక ఆస్

ఏడేళ్ల క్రితం, కొడుకు స్పూరియుస్ యుద్ధానికి బయల్దేరిన రోజున, కొండ కింద ఊట దగ్గర నిలబడి పెతీలియా మొక్కుకుంది. "తల్లీ, నా బిడ్డ తిరిగొస్తే నీకో ఆస్ వేస్తాను." ఆ రోజుల్లో ఆస్ అంటే గుప్పిట పట్టని కంచు బిళ్ల. ఒకవైపు రెండు ముఖాల దేవుడు, రెండోవైపు ఓడ ముక్కు. కాలి మీద పడిందంటే వారం రోజులు కుంటాల్సిందే.

ఆ యుద్ధం రోము ఖజానాను ఊడ్చేసింది. నాణెం ఏటేటా చిక్కిపోయింది గానీ పేరు మాత్రం మారలేదు. ఇప్పటి ఆస్ పాతదానిలో ఐదో వంతు ఉంటుందేమో.

స్పూరియుస్ తిరిగొచ్చాడు. కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది.

ఇక మొక్కు తీర్చాలి. ఇంట్లో మిగిలినవి రెండే బిళ్లలు: పాత ఆస్ ఒకటి, కొత్తది ఒకటి. పాతది కరిగించుకుంటానని, బదులుగా ఐదు కొత్తవి ఇస్తానని కంచరి నుమెరియుస్ అన్నాడు. ఐదంటే పది రోజుల గోధుమలు. కోతలకు ఇంకా పది రోజులుంది. గాదె ఖాళీ.

"ఏమని మొక్కావొదినా? ఆస్ అనేగా?" అన్నాడు నుమెరియుస్.

"ఆస్ అనే."

"మరి ఇదీ ఆసే. దేవతకి తూకం చెప్పావా ఏంటి?"

"అప్పుడింత చిన్నది లేదు కదయ్యా."

"అయితే పస్తులుండు. ఊట తల్లే నీ కుండలో గింజలు పోస్తుందిలే!"

అతను అన్నదాంట్లో నిజం ఉంది. అందుకే ఆమెకు ఒళ్లు మండింది. ఏరు దాటాక తెప్ప తగలేసే మనిషి కాదు పెతీలియా. కానీ ఆకలి ఎవరికైనా ఆకలే. రెండు బిళ్లలూ పైబట్ట అంచున ముడేసుకుని, కొడుకుతో కలిసి ఊట దగ్గరికి నడిచింది.

నీళ్ల అడుగున ఎవరెవరో వేసిన కంచు ముక్కలు పచ్చబడి కనిపిస్తున్నాయి. ఆమె ముడి విప్పి చిన్న బిళ్లనే చేతిలోకి తీసుకుంది.

"అదే వెయ్యమ్మా," అన్నాడు స్పూరియుస్ నవ్వబోతూ. "నేను మాత్రం వెళ్లినంత బరువుతో తిరిగొచ్చానా? సరికి సరి."

పెతీలియా చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్లూ బిడ్డ తనను తాను తూచుకుంటున్నాడని అప్పుడు తెలిసింది.

"నిన్ను నేను తూకమేసి తీసుకున్నానట్రా?"

పెద్ద ఆస్ బుడుంగుమని మునిగింది. స్పూరియుస్ ఉన్న ఒక్క చేత్తో ముఖం కప్పుకుని ఏడ్చాడు, ఇంటికొచ్చాక మొదటిసారి. ఏడుపు తగ్గేదాకా ఆగి, ఆమె చిన్న ఆస్‌ను ఆ చేతిలోనే పెట్టింది.

"పద. దీనికి రెండు రోజుల గోధుమలైనా వస్తాయి."