విద్య చెంప మీది చుక్క

పొద్దున ఫెర్రీలో విద్య కిటికీ పక్కన కూర్చోదు. కూర్చుంటే నీళ్లు చూడాలనిపిస్తుంది. డార్ట్‌మత్ నుంచి హాలిఫాక్స్ ఒడ్డు చేరేలోపు ఆమె ఒక ప్రకటన దిద్దాలి, మీ ఫోటోలు బాగాలేవని ఒక పాటల బృందానికి మనసు నొప్పించకుండా రాయాలి, ఫోన్ ఎత్తని విలేకరికి మళ్లీ గుర్తుచేయాలి. ఆమె పనిచేసేది కెనడాలో ఒక చిన్న పబ్లిసిటీ కంపెనీలో. సినిమాలు తీసేవాళ్లూ కార్టూన్లు గీసేవాళ్లూ పుస్తకాలు వేసేవాళ్లూ తమను తాము పొగుడుకోలేక ఆ పని వీళ్లకి అప్పజెబుతారు. రోజంతా ఇతరులను మెచ్చుకోవడమే ఉద్యోగం. సాయంత్రానికి దవడలు లాగేస్తాయి.

ఆమె ఎడమ చెంప మీద దిష్టి చుక్క ఉంది. పుట్టినప్పుడు అమ్మమ్మ కాటుకతో పెట్టింది, ఇక చెరగలేదు. విద్య దేన్నయినా మనస్ఫూర్తిగా పైకి మెచ్చుకుంటే ఆ చుక్క చెంప వదిలి దాని మీదకి వెళ్లి కూర్చుంటుంది. సాయంత్రానికి తిరిగొస్తుంది. ఉత్త నోటిమాటకి మాత్రం కదలదు. ప్రింటర్ మధ్యాహ్నానికి వేడెక్కుతుందని తెలిసినట్టే ఆఫీసులో అందరికీ ఈ సంగతి తెలుసు. “మా విద్య చుక్క పడిందంటే ఇక చూసుకోనక్కర్లేదు” అంటుంది యజమానురాలు మార్గరెట్, క్లయింట్లతో. చివరిసారి అది పాటలు పాడే లాబ్‌స్టర్ రొయ్యల కార్టూన్ పోస్టరు మీద పడింది. ఆ లాబ్‌స్టర్లు ఇప్పుడు పిల్లల చొక్కాల మీద కూడా ఉన్నాయి. అది జరిగి ఏడాది దాటింది. తర్వాత విద్య వందసార్లు ‘అద్భుతం’ అని రాసింది, చుక్క ఉన్నచోటే ఉంది.

“ఈ వారమైనా కదిలిందా?” బుధవారం భోజనాల దగ్గర అడిగాడు హేమచంద్ర. ఆమె భర్త. హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేస్తాడు.

“లేదు.”

“లాబ్‌స్టర్ల మీదకి వెళుతుంది గానీ కట్టుకున్న మొగుడి మీదకి రాదు.”

“పెళ్లయిన కొత్తలో వచ్చిందిగా. మీరే షేవింగ్ చేసుకుంటూ దాన్ని కోసుకున్నారు.”

“నీకైనా ఒకసారి వచ్చింది, నాన్నా,” అంది హర్షిణి ఇంగ్లీషులో. నవ్వుతూనే అంది. పంతొమ్మిదేళ్ల పిల్ల. విద్య పప్పు గిన్నె అటు జరిపింది.

హర్షిణికి రెండు చోట్ల సీటు వచ్చింది. దూరాన బర్నబీలో యానిమేషన్, ఇక్కడి యూనివర్సిటీలో అకౌంటింగ్. శుక్రవారంలోపు ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకోవాలో ఆ పిల్ల ఎవర్నీ అడగలేదు. భోజనాలయ్యాక లాప్‌టాప్ తెచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

“ఇది పూర్తయింది. ఊళ్లో షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి తీసుకున్నారు కూడా. చూస్తావా?”

నాలుగు నిమిషాల బొమ్మల సినిమా. వానలో ఫెర్రీ. చేతిసంచీ ఉన్న ఒకావిడ ఎక్కుతుంది. అందరూ దిగిపోతారు, ఆవిడ దిగదు. ఒడ్డు మారుతూ ఉంటుంది, ఆవిడ కూర్చునే ఉంటుంది. అంతే. చూస్తూ చూస్తూ విద్య శాలువా కప్పుకుంది.

“ఎలా ఉంది?”

బాగుందన్న మాట విద్య నాలుక మీదకి వచ్చింది. దాన్ని మింగేసింది. హర్షిణి పుట్టినప్పుడు నర్సు “ఎంత అందంగా ఉందో” అని గట్టిగా అంది. సాయంత్రానికి పిల్ల కామెర్లతో పచ్చబడింది, నీలం దీపం కింద పడుకోబెట్టారు. కన్నవాళ్ల కళ్లు ఇంకా ముందు తగులుతాయని అమ్మమ్మ అనేది. పైగా చుక్క వెళ్లి కాపాడినా సాయంత్రానికల్లా తిరిగొచ్చేస్తుంది, అనేసిన మాట మాత్రం పిల్ల మీదే ఉండిపోతుంది. అందుకే విద్య ఇన్నేళ్లూ నోరు కట్టుకుంది.

“పర్లేదు,” అంది.

విద్య పుట్టిన ఇంట్లో ఆ మాట చిన్నది కాదు. స్కూల్ ఫస్టు వచ్చినప్పుడు వాళ్ల నాన్న ఆ మాటే అన్నాడు, ఆమె దాన్ని నెలరోజులు లోపల దాచుకుని తిరిగింది. హర్షిణి కెనడాలో పెరిగింది. ఆ మాటని ఇంగ్లీషులోకి మార్చుకుంటే అందులో ఏమీ మిగల్లేదు. అమ్మ చెంప వంక చూసింది. చుక్క ఉన్నచోటే ఉంది.

“ఓకే,” అని లాప్‌టాప్ మూసింది. “అకౌంటింగే తీసుకుంటాలే. నాన్నకీ అదే ఇష్టం.”

అకౌంటింగ్ అంటే ఇల్లు, ఉద్యోగం, బస్సు దూరంలో కూతురు. విద్యకి ఊపిరి తేలికపడాలి. పడలేదు.

గురువారం ఆఫీసులో ఆ షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ పనే జరుగుతోంది. ఒక్కో సినిమాకి నాలుగు వాక్యాలు రాయాలి. సొంత పిల్ల సినిమా గురించి తను రాయడం పద్ధతి కాదని విద్య పొద్దునే చెప్పింది. దాన్ని మార్గరెట్ తీసుకుంది.

“విను,” అని పైకి చదివింది మార్గరెట్. “‘మనసును కట్టిపడేసే అద్భుత ప్రయాణం.’ సరిపోతుందా?”

“ప్రయాణమా? ఆవిడ ఎక్కడికీ వెళ్లదు కదా. చూడకుండా రాశావా?”

“మనం ఎప్పుడు చూసి రాశాం, విద్యా?”

అది నిజమే. నిన్న కూతురిది తప్ప ఈ ఏడాదంతా విద్య ఏ సినిమానీ చివరిదాకా చూడలేదు.

“పోనీ నువ్వు రాయకు. అందులో ఏముందో చెప్పు, చాలు. పొగడమని అడగడం లేదు.”

పొగడక్కర్లేదు అనేసరికి విద్యకి భయం తగ్గింది.

“వాన పడుతుంటుంది. కానీ ఒక్క చినుకు కూడా గీయలేదు. ఎక్కినవాళ్లు గొడుగులు విదిలించడం గీసింది. తడి నేల మీద జారకుండా ఒక ముసలాయన చెప్పుల్లో వేళ్లు బిగించడం గీసింది. నాకు ఇంట్లో కూర్చుని చలేసింది, మార్గరెట్. ఆవిడ ముఖం ఒక్కసారే కనిపిస్తుంది, అదీ ఫోన్ వెలుగులో. ఆ ముఖం చూస్తే ఎవరైనా వెళ్లి చెయ్యిపట్టి దించితే బాగుండు అనిపించింది. అంత అలసట ఆ పిల్లకి ఎలా తెలిసిందో! నేను ఒక్కరోజు కూడా చెప్పుకోలేదు. ఇంట్లో ఎదురుగా కూర్చుని అన్నం తింటూ అంతా చూసింది.”

“విద్యా,” అంది మార్గరెట్ మెల్లగా. “నీ చెంప.”

విద్య తడుముకుంది. నున్నగా తగిలింది. ఇద్దరూ బల్ల మీది ఫెస్టివల్ పోస్టరు తిరగేసి చూశారు, లాప్‌టాప్ చూశారు, కుర్చీ కింద చూశారు. విన్నది తనే కదా అని మార్గరెట్ ఫోన్ కెమెరాలో తన ముఖం కూడా చూసుకుంది. ఎక్కడా లేదు. అది ఇక తిరిగి రాదని, మెచ్చుకునే ప్రతిదానికీ ఇకపై కారణం నోటితో చెప్పాల్సి వస్తుందని అప్పటికి ఇద్దరికీ తెలియదు.

కాసేపటికి తలుపు తోసుకుని హర్షిణి వచ్చింది. ఫెర్రీ దిగేచోట ఉన్న కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేస్తుంది. పరిగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది. ఎడమ చెంప మీద నల్లటి చుక్క.

“మొహానికి కాఫీ అంటిందని కస్టమర్ చెప్పింది. తుడిస్తే పోలేదు. అమ్మా, నా గురించి ఏమన్నావు?”

మార్గరెట్ తన కప్పు తీసుకుని అవతలి గదిలోకి వెళ్లిపోయింది.

“ఏమీ అనలేదు. సినిమాలో ఉన్నది చెప్పానంతే.”

“నాతో చెప్పు.”

“నీ ముందంటే దిష్టి తగులుతుందే!”

“తగిలితే ఏమవుతుంది?”

“జ్వరం వస్తుంది.”

“టైలెనాల్ మాత్ర వేసుకుంటా. చెప్పు.”

హర్షిణి అలవాటు కొద్దీ అమ్మ చెంప వంక చూసింది. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. కళ్లలోకి చూడక తప్పలేదు. విద్య మళ్లీ మొదటినుంచి చెప్పింది. మార్గరెట్‌తో చెప్పినంత బాగా రాలేదు. మధ్యలో రెండుసార్లు ఆగింది, ముసలాయన చెప్పులు మరిచిపోయి మళ్లీ వెనక్కి వెళ్లి చెప్పింది. పిల్ల కదలకుండా నిలబడి వింది.

“గొడుగులకే నెల పట్టింది,” అంది చివరికి, తెలుగూ ఇంగ్లీషూ కలిపి.

“పడుతుంది. చూస్తే తెలుస్తోంది.”

హర్షిణి జేబులోంచి ఫోన్ తీసింది. అకౌంటింగ్ సీటు పేజీ తెరిచి, వదులుకుంటున్నాను అన్నచోట వేలు పెట్టింది.

“రేపటిదాకా టైముంది కదే,” అంది విద్య.

“తెలుసు,” అని నొక్కేసింది.

బర్నబీ అంటే దేశానికి ఆ చివర. ఒక్కతే, తెలియని ఊళ్లో, బొమ్మలు గీసి బతకడం. అద్దెలు, ఆరోగ్యం, తిండి, తోడుండేవాళ్లు ఎవరు, అన్నీ కలిసి ఒక్కసారిగా విద్య నోటిదాకా వచ్చాయి. ఆ గుంపులోంచి ఒక్కటి ఏరి మాత్రం బయటికి తీసింది.

“షిఫ్టు మధ్యలో ఏప్రన్‌తోనే వచ్చేశావు. ముందు వాళ్లకి ఫోన్ చేసి చెప్పు.”