ఎలీయాజరు మాస్టారి సోలార్ పలకలు

చర్చి మీద సోలార్ పలకలు పెట్టించాలని కమిటీలో పట్టుబట్టింది రిటైరైన సైన్సు మాస్టారు ఎలీయాజరు. వద్దన్నది కోశాధికారి ఆనంద్ పాల్. ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారింటికెళ్ళి, ఆయన మేడమీది పలకల పనితీరు చూసి తేల్చుకుందామన్నారు మిగతావాళ్ళు.

మాస్టారికి ఒక భయం ఉంది. వారం నుంచీ తన పలకల కరెంటు పొద్దున బాగానే వస్తోంది, ఎండ ముదిరేసరికి సగానికి పడిపోతోంది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. మోకాళ్ళ నొప్పులతో మేడ ఎక్కి చూడనూ లేదు.

ఆదివారం కమిటీ వరండాలో ఇన్వర్టర్ ముందు నిలబడింది. ఆనంద్ పాల్ అంకె చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"పలకలు మన దేశంలోనే తయారుచేయమని ఫ్యాక్టరీలకి గవర్నమెంటు డబ్బులిస్తోంది కదండీ. ఊరికే డబ్బులొస్తుంటే సరుకు ఇలాగే ఉంటుందండీ మరి."

"ఊరికే ఇవ్వరండీ. తయారుచేసి అమ్మితేనే ఇస్తారు," అన్నాడు మాస్టారు.

"అమ్మేశారుగా, మీకు."

మాస్టారు భార్యని పిలిచాడు. "మరియా, పలకలు తుడుస్తున్నావా?"

"తుడుస్తున్నానండీ. మీరు చెప్పినట్టే, ఎండెక్కకముందు, మంచినీళ్ళతో, మెత్తటి గుడ్డతో. సబ్బు ముట్టుకోలేదు. మీరు వారానికోసారన్నారు గానీ నేను రోజూ తుడుస్తున్నాను."

రోజూ ఎందుకో మాస్టారికి అర్థం కాలేదు. ఈలోగా ఆనంద్ పాల్ మేడెక్కాడు. దిగివచ్చేటప్పుడు ఆయన చేతిలో సగం ఎండిన పరిగ చేప ఉంది.

"మాస్టారూ, ఇది కూడా కంపెనీవాళ్ళే బిగించారాండీ?"

కొల్లేటి ఊళ్ళో ఎటు చూసినా చేపల వాసనే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

"నావేనండీ," అంది మరియమ్మ. "ఊళ్ళో అంత శుభ్రమైన చోటు ఇంకెక్కడుంది? ఇసక అంటదు. పిల్లులెక్కినా జారిపోతాయి. కాకులు వాలకుండా వల కప్పాను."

"పలకలకి ఎండ కావాలి మరియా."

"చేపలకీ కావాలి కదండీ."

చేపలు బుట్టలోకి దిగాయి. పలకలు తుడిచారు. మాస్టారు ఇన్వర్టర్ ముందు కుర్చీ వేసుకున్నాడు. అంకె పెరిగింది. ఇంకా పెరిగింది. ఆయన ఆనంద్ పాల్‌కి కూడా కుర్చీ వేయించాడు.

"పలకల తప్పేం లేదండీ," అన్నాడు ఆనంద్ పాల్ చివరికి. "పెట్టిద్దాం. వాటిని తుడిచేదెవరు?"

అందరూ మరియమ్మ వైపు చూశారు. ఊళ్ళో ఆ పని చేతనైంది ఆవిడకే.

మరియమ్మ బుట్ట దించి ఆలోచించింది.

"చేస్తానండీ. చర్చి పలకలు ఇంతకన్నా వెడల్పేనా?"