నిలబడని మైకు

ప్రభుత్వ పంపుల ఫ్యాక్టరీ మూతపడి నాలుగేళ్లయింది. అందులో ఇరవై రెండేళ్లు లేతు మిషను మీద బోల్టులు చేసిన ఆవిడను అందరూ ఇప్పటికీ లేతక్క అనే అంటారు. ఇప్పుడు బట్టల షాపులో చొక్కాలు మడతపెడుతోంది.

ఒకరోజు పరిశ్రమల ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మరిది ఒక కాగితం పట్టుకొచ్చాడు.

"వదినా, రేపు మంత్రిగారి సభ. ఫ్యాక్టరీల వల్ల ఎంత మేలో కార్మికుల తరఫున నువ్వు చెప్పాలి."

'ప్రభుత్వం చలవ వల్ల మా ఇళ్లలో వెలుగులు నిండాయి' అని ఉంది అందులో.

"ఎవరి ఇంట్లో? మీ ఆఫీసరు ఇంట్లోనా?"

"చదివేస్తే నీ సొమ్మేం పోయింది? నా ఉద్యోగం సంగతి కూడా చూడు."

మరిది ముఖం చూసి సరేనంది.

"తయారీ రంగమే రాష్ట్రానికి వెన్నెముక!" అని మర్నాడు సభలో మంత్రిగారు అందుకోగానే మైకు స్టాండు జర్రున కిందికి జారింది. ఆయనా దాంతోపాటే వంగాడు. ఆఫీసరు పరుగున వచ్చి నిలబెట్టాడు. మళ్లీ జారింది. వేదిక మీదున్న అరడజను మంది సలహాదార్లలో ఒక్కడికీ బోల్టు ఎటు తిప్పాలో తెలిసినట్టు లేదు.

ఉండబట్టలేక లేతక్క లేచి వెళ్లి, బోల్టును వేలితో తడిమి చూసింది.

"మరలు అరిగిపోయాయి. లేతు మీద కొత్తది చెయ్యాలి. పావుగంట పని."

"అయితే చేయించండమ్మా," అన్నాడు ఆఫీసరు.

"ఎక్కడ? నా మిషన్ని పాత ఇనుము కింద అమ్మించింది మీరే కదా! మా పని మీద బతికిన ఏడు వర్క్‌షాపులూ తాళాలేసుకున్నాయి. మాకు అన్నం వండిపెట్టినవాళ్లు కూడా వీధిన పడ్డారు."

"ఎంత చక్కగా చెప్పింది!" అంటూ మంత్రిగారు చప్పట్లు కొట్టాడు. హాలంతా కొట్టింది.

లేతక్కకు ఒళ్లు మండిపోయింది. కాగితాన్ని ఆయన చేతిలో పెట్టింది. "ఇదీ మీరే చదువుకోండి. మీకు అలవాటేగా," అని దిగి వచ్చేసింది. ఆ తర్వాత గంటసేపు ఆఫీసరు మోకాళ్ల మీద కూర్చుని, స్టాండును రెండు చేతులా పట్టుకున్నాడు.

వారం తిరక్కుండా మరిదికి బదిలీ అయింది. నిష్ఠూరమాడతాడేమోనని లేతక్క బెంగగా వెళ్లింది. పెట్టె సర్దుకుంటున్నవాడు పకపకా నవ్వాడు.

"మా ఆఫీసరు ఒళ్లు వంచి పని చెయ్యడం పదేళ్లలో మొదటిసారి చూశాను వదినా. దానికి ఒక్క బదిలీ ఏపాటి!"