తేదీ వెయ్యని బొమ్మ

ట్యాస్మేనియాలో, హ్యువన్ నది ఒడ్డున, మెరిన్ వాళ్ళింట్లో బడి అంటే పొద్దున్నే ఓట్స్ గంజి తాగి, నోటుపుస్తకం చంకన పెట్టుకుని పెరట్లోకి పోవడమే. కంటబడిన పిట్టనో పురుగునో గీసి, రంగులద్ది, కింద తేదీ, ఆనాటి వాతావరణం రాయాలి. తప్పులుంటే మెరిన్ దిద్దేది. లెక్కలంటే ఒళ్ళుమంట గానీ ఆమె పదేళ్ళ కూతురు టామ్సిన్‌కి ఈ బడంటే ప్రాణం.

ఆ పిల్ల గీస్తున్నది ఏదైనా సరే, కింద తేదీ పడేదాకా అది ఎక్కడికీ పోయేది కాదు. పిట్టయితే కొమ్మమీదే ఉండేది. పక్క తోట బ్రోడీ కంచె దగ్గరకొచ్చి కేకేసేవాడు: "అమ్మాయ్, మా ఆవుకి తేదీ వెయ్యి తల్లీ. పాకలోకి రానంటోంది."

ఆ వేసవిలో మెరిన్ కాలేయానికి రాచపుండు పుట్టింది. ఇక వారమేనని ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. ఆ సాయంత్రమే టామ్సిన్ మంచం పక్కన కూర్చుని తల్లి బొమ్మ గీసింది. తేదీ వెయ్యలేదు.

వారం పోయింది. ఆరువారాలు పోయాయి. సూదిమందుకి నొప్పి లొంగడం మానేసింది. పిల్ల వినకుండా మెరిన్ దిండు కొరుక్కునేది. పిల్ల అన్నీ వింటూనే ఉండేది.

"ఇంకా వెయ్యలేదా?" అని నర్సు నోరీన్ రోజూ అడిగేది.

"వెయ్యమని నేనెలా చెప్పనమ్మా, నాకూ వద్దనే ఉంది," అనేవాడు తండ్రి క్యాలమ్, టీ కెటిల్ వంక చూస్తూ.

ఒకరోజు పొద్దున్న మెరిన్ పిలిచింది. "పుస్తకం తేవే."

"తేను. నువ్వు వెళ్ళిపోతావు."

మెరిన్ కాదనలేదు. కూతురికి ఏనాడూ అబద్ధం చెప్పి ఎరగదు. "బొమ్మన్నా చూపించు," అంది. పిల్ల తెచ్చి చూపిస్తే చూసి, నవ్వబోయి దగ్గింది. "ఈ ఎర్ర బుగ్గలెవరివే? పోయినేడాదివి కదూ."

"నాకవే ఇష్టం."

"ఇష్టమైనదీ, తెలిసినదీ కాదమ్మా. కనిపించింది గీయాలి. ఏదీ, నా మొహం చూడు."

ఆరువారాలుగా టామ్సిన్ తల్లి మొహం చూడనేలేదు. మంచంకోడు చూసేది, దుప్పటి అంచు చూసేది. ఇప్పుడు చూసింది. చర్మం పసుప్పచ్చగా ఉంది. పెదవి కొరుక్కున్న చోట రక్తం కట్టింది.

"బాగా నొప్పిగా ఉందా అమ్మా?"

"చాలా."

పిల్లకి ఏడుపు ఆగలేదు. కాగితం తడుస్తోందని తల్లి మందలిస్తే చేత్తో తుడిచింది. బుగ్గల ఎరుపు రబ్బరుతో చెరిపి పసుపు వేసింది. పెదవి మీద మచ్చ కూడా ఉన్నదున్నట్టు పెట్టింది. "బాగుంది. ఇది నేనే," అంది మెరిన్.

టామ్సిన్ తేదీ వేసింది, ఏప్రిల్ ఇరవై ఆరు. కిటికీలోంచి బయటికి చూసి, దాని పక్కన 'సన్న తుంపర' అని రాసింది.

"అమ్మా, తుంపర ఇలాగేనా రాయడం?" అంటూ తలెత్తింది.

దిద్దేవాళ్ళు లేరు.