కాళ్లకు సెలవు

కింద కుట్టు షాపు, పైన ఇల్లు. మధ్యలో పందొమ్మిది మెట్లు. రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగుతుందో ఆమెకే లెక్క తెలియదు. ఆ బుధవారం మధ్యాహ్నం భోజనానికి పైకి వెళ్తూ పదకొండో మెట్టు మీద ఆగిపోయింది. నొప్పి కాదు, తిమ్మిరి కాదు. కాలు ఎత్తుదామంటే లేవలేదు. గోడకు చెయ్యి ఆనించి, తన కాళ్లను ఎవరివో అన్నట్టు చూసుకుంది.

పై గుమ్మంలోంచి బావ చూశాడు. ఆయన లిఫ్టుల మెకానిక్కు.

"అందరి ఇళ్లలోనూ లిఫ్టులు బాగుచేస్తాను, మనింట్లో ఒక్కటి పెట్టలేకపోయాను. దిగొచ్చి ఎత్తుకోమంటావా మరదలా?"

"నీ నడుము పట్టేస్తే అక్క నన్ను బతకనివ్వదు. వస్తున్నాలే బావా!"

మాటైతే అనేసింది గాని, మిగిలిన ఎనిమిది మెట్లూ రెండు చేతులతో రెయిలింగు లాక్కుంటూ ఎక్కింది.

ఆమెకు నలభై నాలుగేళ్లు. అక్క మిషను మీద కుడుతుంది, ఆమె బల్ల దగ్గర నిలబడి గుడ్డ కత్తిరిస్తుంది. ఎనిమిదేళ్ల కిందట నడుము నొప్పికి మందుగా మొదలైన ఈత, పెద్దవాళ్ల పోటీల దాకా తీసుకెళ్లింది. కొలనులో అందరూ ఆమెను కత్తెరమ్మ అంటారు. చేసే పని ఒక కారణం. రెండోది, కప్పలా కాళ్లు తన్నుతూ ఈదే బ్రెస్ట్‌స్ట్రోక్ నేర్చుకునే కొత్తలో రెండు కాళ్లూ ఒక్కలా తన్నడం రాక కత్తెరలా ఆడించేది. పోటీలో అలా తంతే ఆట నుంచి తీసేస్తారు. ఆ తప్పు ఏడాదిలో దిద్దుకుంది గాని పేరు మాత్రం అతుక్కుపోయింది.

పోయిన ఏడాది రెండు వందల మీటర్ల పోటీలో ఆమె నాలుగో స్థానంలో వచ్చింది. మూడో స్థానం వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఆ పతకం మెడలో వేసుకున్నది పక్క లేనులో, అంటే పక్క వరుసలో ఈదిన బ్యాంకు మేనేజరు. పోటీ అయ్యాక ఆవిడ ఎంతో మర్యాదగా, "మీ కాళ్లలో ఇంకొంచెం బలముంటే నన్ను దాటేసేవారండీ," అంది. ఆ మాట ఆమె మనసులో మేకులా దిగింది. అంతే, వారానికి నాలుగు రోజుల ఈత ఆరు రోజులైంది. చేతులతో నీళ్లమీద తేలే పలక పట్టుకుని ఉత్త కాళ్లతో తన్నుకుంటూ వెళ్లే అభ్యాసం రెట్టింపైంది. సాయంత్రాలు గుంజీలు. ఇవన్నీ పోను రోజంతా బల్ల దగ్గర నిలువుకాళ్ల ఉద్యోగం ఎలాగూ ఉంది.

మూడు నెలలయ్యేసరికి మూడు నిమిషాల ముప్పై రెండు సెకన్లలో ఈదేది కాస్తా మూడు నలభై ఒకటికి దిగజారింది. సాధన చాలడం లేదనుకుని ఇంకాస్త పెంచింది. నిద్ర చెడింది. అన్నం సయించలేదు. అక్క ఏదడిగినా కసురుకునేది.

మెట్ల మీద ఆగిపోయిన మర్నాడు కూడా కొలనుకు వెళ్లింది. నాలుగు సార్లు అటూ ఇటూ ఈదిందో లేదో, కోచ్ విజిల్ వేసి ఒడ్డుకు రమ్మంది. అరవై ఏళ్ల మనిషి, పొడి మాటల మనిషి.

"కాళ్లు ఈడ్చుకొస్తున్నావు. ఎన్నాళ్లనుంచి ఇలా?"

"ఓ నెల నుంచి మేడమ్."

"నెల నుంచీ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆపేయమంటారని."

కోచ్ ఆమె చేతిలోంచి పలక తీసుకుని తన కుర్చీ కింద పెట్టుకుంది. "బాగానే కనిపెట్టావు. ఆపేయ్. ముందు కాళ్లు చూపించుకునిరా."

ఫిజియోథెరపిస్టు కుర్రవాడే గాని తొందరపడే రకం కాదు. ఒంటికాలి మీద కూర్చుని లేవమన్నాడు. మూడోసారికే ఆమె తొడ వణికింది. పిక్కలు నొక్కి చూశాడు. నిద్ర, తిండి, నిలబడే పని గురించి అడిగాడు. మంచం దిగకముందే నాడి ఎంత కొట్టుకుంటోందో రెండు రోజులు చూసి రమ్మన్నాడు. చూస్తే నిమిషానికి డెబ్బై ఒకటి. ఆమె దగ్గరున్న పాత పరీక్ష కాగితంలో యాభై ఎనిమిది అని ఉంది.

"దెబ్బ తగల్లేదు, ఏమీ తెగలేదు," అన్నాడు. "మీరు కాళ్లతో పని చేయించారు గాని తేరుకోనివ్వలేదండీ. కండ గట్టిపడేది సాధన చేసేటప్పుడు కాదు, ఆ తర్వాత పడుకున్నప్పుడు. పది రోజులు కొలను మాటే వద్దు. కాస్త నడవండి, కడుపునిండా తినండి, ఎనిమిది గంటలు నిద్రపోండి."

"పోటీకి తొమ్మిది వారాలే ఉంది డాక్టరు గారూ."

"అందుకే పది రోజులంటున్నాను. ఇలాగే లాగితే ఆరు నెలలు అనాల్సొస్తుంది."

ఐదు రోజులు బుద్ధిగానే ఉంది. ఆరో రోజు పొద్దున్న లేచేసరికి కాళ్లు తేలిగ్గా అనిపించాయి. ప్రాణం లేచొచ్చింది. గుండీలు తెస్తానని అక్కతో చెప్పి, కోచ్ ఉండని మధ్యాహ్నం వేళ కొలనుకు వెళ్లింది. రెండంటే రెండే సార్లు తన్ని చూద్దామనుకుంది. బాగానే ఉందని ఇంకో రెండు. చివరికి పదహారు తేలాయి. తిరిగి వస్తూ దారిలో నిజంగానే గుండీలు కొంది.

మర్నాడు మంచం మీద నుంచి కాళ్లు కిందికి దించితే సిమెంటు బస్తాలు దించినట్టుంది. నాడి డెబ్బై నాలుగు. కళ్లలో నీళ్లు తిరిగాయి. గిన్నెలు తోముతున్న అక్క దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది.

అక్క చేతులు తుడుచుకుంది. తిట్టలేదు, అదే ఆశ్చర్యం. "చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. పట్టుకోవడం వచ్చు గాని వదలడం రాదు. ఈ పది రోజులూ కూడా ఓ పోటీ అనుకోవే. ఎలా ఓడిపోతావో నేనూ చూస్తాను."

ఆ మాట పట్టుకుని ఆమె అప్పుడే కోచ్ ఇంటికి వెళ్లింది.

"నేను అడగలేదుగా, నువ్వే వచ్చి చెప్తున్నావేం?" అంది కోచ్.

"దాచుకుంటే మళ్లీ వెళ్తాను మేడమ్. నా సంగతి నాకు తెలుసు."

కోచ్ గోడ మీది క్యాలెండరు చూపించింది. "సరే. ఇవాళే ఒకటో రోజు. మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టు."

ఈసారి విశ్రాంతిని పనిలా చేసింది. బావ ఎక్కడినుంచో ఎత్తుగా ఉన్న స్టూలు తెచ్చాడు. నిలబడి చేయాల్సిన పొడవాటి కోతలు తప్ప తక్కినవన్నీ దాని మీద కూర్చునే కత్తిరించింది. మొదటి రోజు రెండు జాకెట్టు చేతులు వంకర పోయాయి. అక్క వాటిని కనబడకుండా సర్దేసింది. రాత్రి తొమ్మిదిన్నరకల్లా దీపం తీసేసేవాళ్లు. సాయంత్రం అరగంట నడక. వేగం పెంచబోతే పక్కనున్న బావ, "ఓవర్‌లోడు, ఓవర్‌లోడు! తలుపులు మూసుకోవు!" అని వీధి అంతా వినబడేలా అరిచేవాడు. సిగ్గుతో వేగం తగ్గించేది. నాడి అరవై తొమ్మిది అయింది, ఒకరోజు మళ్లీ డెబ్బై, తర్వాత అరవై ఆరు. పదో రోజున అరవై ఒకటి.

కొలనులోకి దిగనిచ్చారు గాని కాళ్లు వాడనివ్వలేదు. తొడల మధ్య ఫోము ముక్క ఇరికించుకుని ఉత్త చేతులతోనే ఈదాలి. మొదటి రోజు ఇరవై అయిదు మీటర్లు దాటేసరికి ఊపిరాడలేదు. కోచ్ ఒడ్డున నడుస్తూ చూసింది.

"అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. ఎనిమిదేళ్లుగా నీ చేతులు కాళ్ల సంపాదన మీద బతుకుతున్నాయే! చాకిరీ అంతా కాళ్లదే. మోచేతులు ఎత్తిపెట్టి నీళ్లు లాగు."

మూడు వారాలు అదే పని. భుజాలు నిప్పులయ్యాయి. పక్క లేనుల్లో ఆమె కంటే పెద్దవాళ్లు దాటుకుంటూ పోయారు. బ్యాంకు మేనేజరు ఆగి, "ఏమైందండీ, తగ్గించేశారు?" అని అడిగింది. "కాళ్లకు సెలవిచ్చానండీ," అని నవ్వి, మళ్లీ నీళ్లు లాగింది.

తర్వాత కాళ్లు కలిపారు. మొదటి రోజు రెండు సార్లే. మూడోది తన్నగలనని ఒళ్లంతా చెబుతోంది. గట్టు పట్టుకుని, పళ్లు బిగబట్టి, పైకి ఎక్కేసింది. ఆ వారం అన్నిటికంటే కష్టమైన పని అదే.

పోటీకి ఆరు రోజుల ముందు కోచ్ అడిగింది. "వంద మీటర్లకు మార్చుకుందామా? తప్పేం లేదు."

"రెండు వందలే మేడమ్. కాళ్లు మొరాయిస్తే నేనే ఆగి బయటికొస్తాను. ఆ మాట నిలబెట్టుకుంటాను."

ఫిజియోథెరపిస్టు కూడా సరే అన్నాడు. ఈసారి ఒంటికాలి మీద పదిసార్లు కూర్చుని లేచింది మరి.

పోటీ రోజు పైన బెంచీల మీద అక్క, బావ కూర్చున్నారు. ఎనిమిది పొడవుల ఈత. మొదటి నాలుగింట్లో ఆమె అందరికంటే వెనకే ఉంది. ప్రతి తన్నుకూ ఒళ్లు చాచి జారుతూ, చేతులతో నీళ్లు లాగుతూ, ముందువాళ్లను చూడకుండా ఈదింది. అయిదో పొడవులో ఒకరిని దాటింది. ఆరులో తొడలు మండడం మొదలైంది. ఆగాలా? ఇంకో తన్ను తన్ని చూసింది. మండుతున్నాయి గాని మొద్దుబారలేదు. అడిగినంతా ఇస్తున్నాయి. ఏడో మలుపు దగ్గర గోడను తన్నితే ఒళ్లు బాణంలా వెళ్లింది. చివరి పొడవులో మరో ఇద్దరిని దాటి గోడ ముట్టుకుంది.

అయిదో స్థానం. మూడు నిమిషాల ముప్పై నాలుగు. బ్యాంకు మేనేజరుకు ఈసారి రెండో స్థానం. లేను తాడు మీదుగా చెయ్యి చాచి, "చివర్లో మీ శబ్దం వినబడి భయపడ్డానండీ," అంది.

"వచ్చే ఏడాది భయపడుదురుగాని," అంది ఆమె రొప్పుతూ.

పైన అక్క కంటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ కన్నీళ్లు చెల్లెలు ఓడినందుకో గెలిచినందుకో అక్కకే తెలియనట్టుంది. బావ మాత్రం చుట్టుపక్కల వాళ్లందరికీ అయిదోది మా మరదలేనని చెప్పుకుంటున్నాడు.

బట్టలు మార్చుకుని వచ్చేసరికి కోచ్ అప్పటికే కాగితం మీద కొత్త సాధన రాస్తోంది. కోచ్ భుజం మీదుగా ఆమె వంగి చూసింది. తన పాత సమయానికి రెండు సెకన్లు వెనకబడ్డ బాధ ఇంకా తీరలేదు. రేపటి నుంచే దిగిపోవాలనీ ఉంది.

"ఎల్లుండి నుంచి రాగలవా?" అంది కోచ్ తలెత్తకుండా.

"లేదు మేడమ్, వచ్చే సోమవారం వస్తాను." ఆమె వేలు పెట్టి కాగితం మీద ఒక గడి చూపించింది. "ఇంకోటి, వారానికి అయిదు రోజులు రాశారు. నాకు నాలుగే రాయండి. ఆ నాలుగింట్లో ఒక్కటి కూడా ఎగ్గొట్టను."

కోచ్ కొట్టేసి నాలుగు అని రాసింది.