ఖాల్తీ మబ్రూకా వద్దన్న పాట

ఆ వేసవిలో ట్యునీషియా తీరాన మా మహ్దియా ఊళ్లో ఏ వ్యాను ఎక్కినా మా పాటే వినిపించేది.

మేం నలుగురం. గోఫ్రాన్ పాటలు కడుతుంది, పాడుతుంది. ఉదయం పూట చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతుంది. గిటారు షిహెబ్‌ది. బయటివాళ్లతో మాట్లాడాల్సి వస్తే అతడే మా నోరు. డ్రమ్స్ వాయించే నౌఫెల్‌కు ఉన్న చప్పుడంతా చేతుల్లోనే. మనిషి నోరు విప్పడు. నేను ఎమ్నాను, బేస్ గిటారు నాది. మూతపడిన మా తాతగారి నూనెగానుగలో సాధన చేసేవాళ్లం కాబట్టి బ్యాండుకు 'మాస్రా' అని పేరు పెట్టుకున్నాం. గానుగ అనే దానర్థం.

మాకు ఒకే ఒక కట్టుబాటు ఉండేది. పాట ఎవరు కట్టినా అది నలుగురిదీ. నలుగురిలో ఏ ఒక్కరు వద్దన్నా అది వేదిక ఎక్కదు. ఎందుకని అడగకూడదు. హోటళ్లవాళ్లు పరాయి పాటలు పాడమంటే మేం పోలేదు. మా ఊరి యాసలో మా సొంత మాటలే పాడేవాళ్లం. అందువల్ల ఏళ్లు గడిచినా పేరు పెద్దగా రాలేదు గానీ, గానుగ రాతి మీద కూర్చుని ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుంటూ, అందులోంచి ఒక పల్లవి తీసుకుంటూ గడిపిన మధ్యాహ్నాలు మాకు చాలనిపించేవి. షిహెబ్‌కు చాలేవి కావేమో. ఆ సంగతి తర్వాత తెలిసింది.

నౌఫెల్‌కు సాబిర్ అని ఒక అన్న ఉన్నాడు. రెండేళ్ల కిందట చలికాలంలో ఇటలీ వెళ్లే దొంగపడవ ఎక్కాడు. ఆ పడవ అవతలి ఒడ్డు చేరలేదు, ఇవతలి ఒడ్డుకూ రాలేదు. ఎక్కేముందు తమ్ముడికి ఫోన్ చేసి, సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది, భయపడకు అన్నాడట. ఒకరోజు సాధన మధ్యలో నౌఫెల్ కర్రలు పక్కన పెట్టి, ఎవరూ అడక్కుండానే ఈ మాట మాకు చెప్పాడు. ఆ వారంలోనే గోఫ్రాన్ పాట కట్టింది. 'ఉప్పు దుప్పటి కప్పుకుని నిద్రపోయావా సాబిర్' అని పల్లవి. మొదటిసారి విన్నప్పుడు నౌఫెల్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపటికి, పాడదాం అన్నాడు.

ఒక కళాశాల ఆవరణలో పాడితే ఎవరో ఫోన్‌లో పట్టారు. అది ఊరు దాటింది, ఆ పైన మాకే తెలియని ఊళ్లు దాటింది. సాబిర్ అంటే ఓర్చుకునేవాడని కూడా అర్థం కదా, కొడుకులను సముద్రానికి పంపిన ప్రతి ఇల్లూ అది తమ పాటే అనుకుంది. ట్యూనిస్ నుంచి పాటల కంపెనీ పెద్దమనిషి జొగ్లామీ ఫోన్ చేశాడు. కోట దగ్గర జరిగే వేసవి ఉత్సవానికి వస్తాననీ, ఆ పాట చివర్లో పాడితే జనం ఎలా ఊగుతారో చూసి ఒప్పందం రాసుకుందామనీ అన్నాడు. షిహెబ్ ఆరోజు మా అందరికీ చేపల విందు పెట్టాడు.

ఉత్సవానికి ముందు వారం నౌఫెల్ వాళ్లమ్మ గానుగకు వచ్చింది. మేమంతా ఆమెను పిన్నిలా ఖాల్తీ అనే పిలుస్తాం. ఖాల్తీ మబ్రూకా అంతకుముందెప్పుడూ అక్కడికి రాలేదు. గుమ్మంలోనే నిలబడింది. నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు.

పొద్దున పక్కవీధి ఆడవాళ్లు గిన్నెడు కుస్కుస్ వండి తెచ్చారట, చావింటికి తెచ్చినట్టు. పాట విన్నాం, ఇన్నాళ్లూ మాకు చెప్పనేలేదేం అని కంట నీళ్లు పెట్టుకున్నారట. ఆమె ఆ గిన్నె తీసుకోలేదు. చేపల బజారులో కూడా నలుగురైదుగురు చేయి పట్టుకుని, దేవుడు ఆ బిడ్డకు శాంతినివ్వాలి అన్నారట. ఇదంతా గొంతు పెంచకుండా చెప్పింది. తర్వాత గోఫ్రాన్ వైపు తిరిగింది.

"నా కొడుకు శవాన్ని మీలో ఎవరైనా చూశారా?"

"లేదు ఖాల్తీ," అంది గోఫ్రాన్.

"మరి వాడు నిద్రపోయాడని నీకెవరు చెప్పారు తల్లీ?"

జవాబు కోసం ఆగకుండా ఆమే చెప్పుకుపోయింది.

"రెండేళ్లుగా నేనెక్కని ఆఫీసు లేదు. అందరూ కనబడలేదనే అంటున్నారు. చచ్చాడని ఒక్కడూ అనలేదు. ఆ మాటన్నది మీరే. బాణీ కట్టి మరీ అన్నారు."

నౌఫెల్ తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె కొడుకును ఒక్కమాట అనలేదు, అతని వైపు చూడను కూడా లేదు. ఇక ఆ పాట పాడొద్దని చెప్పి, తలమీది తెల్లబట్ట సర్దుకుని వెళ్లిపోయింది.

ముందుగా మాట్లాడింది నౌఫెలే.

"పాడదాం," అన్నాడు.

గోఫ్రాన్ తల అడ్డంగా ఊపింది.

"మా అమ్మకేం, తలుపు వైపు చూస్తూ కూర్చోవడమన్నా ఉంది. నాకేముంది? పోయి కూర్చోడానికి గోరీ కూడా లేదు. నాకున్న గోరీ ఆ పాటే. దాన్నీ తవ్వేస్తావా?"

"నేను వద్దంటున్నాను నౌఫెల్. మన కట్టుబాటు ప్రకారం వద్దంటున్నాను."

కట్టుబాటు అన్న మాట వినగానే షిహెబ్ నవ్వాడు. "దాన్నే ఇన్నాళ్లూ హరీసా కారంలో అద్దుకు తింటున్నాం. ఎవరి కడుపన్నా నిండిందా? వాడి అన్న, వాడి పాట. వాడే పాడమంటుంటే మధ్యలో నువ్వెవరు?"

ఎందుకని అడగకూడదు కాబట్టి నౌఫెల్ మరి అడగలేదు. కానీ ఆ వారమంతా గోఫ్రాన్‌తో మాట్లాడలేదు. సాధనకు వచ్చేవాడు, తన వాటా వాయించేవాడు, వెళ్లిపోయేవాడు. డ్రమ్స్ తోలు చిరిగిపోతుందేమో అన్నట్టుండేది ఆ కొట్టుడు. ఇంట్లో తల్లితోనూ మాటల్లేవని తెలిసింది. జొగ్లామీకి సంగతి చెప్పావా అని షిహెబ్‌ను అడిగితే, చెప్పాల్సింది చెప్పానన్నాడు. ఏం చెప్పాడో మాకు తెలియదు.

ఉత్సవం రోజు పొద్దు వాలుతుండగా వేదిక ఎక్కాం. వెనక సముద్రం, ఎదురుగా జనం, జనం వెనక పాతపేట ఇళ్ల మేడలు. ఖాల్తీ మబ్రూకా మేడ అక్కడినుంచి స్పష్టంగా కనిపిస్తుంది. దాని మీద తెల్లగా ఏదో ఉంది. ఆరేసిన బట్టో, మనిషో పోల్చుకోలేకపోయాను. వేదిక పక్కన జొగ్లామీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మూడో పాటకే జనం కేకలు మొదలెట్టారు. సాబిర్, సాబిర్ అని. గోఫ్రాన్ విననట్టే తర్వాతి పాట ఎత్తుకుంది. ఆ కేకల్లో ఆమె గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. పాట పాటకీ కేకలు పెరిగాయి. కుర్రాళ్లు భుజాల మీద చేతులు వేసుకుని, ఫుట్‌బాల్ మైదానంలో అరిచినట్టు లయగా అరుస్తూ గంతులేస్తున్నారు. కొందరు నవ్వుతున్నారు, ఈలలు వేస్తున్నారు. జొగ్లామీ వేలెత్తి షిహెబ్‌కు సైగ చేశాడు.

షిహెబ్ మా ఎవరి వైపూ చూడకుండా ఆ పాట ఎత్తుగడ వాయించాడు.

ఒక్కసారిగా జనం గొంతు కలిపారు. ఆ స్వరాల వెంట బేస్ ఎక్కడ అందుకోవాలో నా వేళ్లకు కంఠతా వచ్చు. తీగ మీదికి పోతున్న వేళ్లను పిడికిలి బిగించి ఆపుకున్నాను. గోఫ్రాన్ మైకు ముందు పెదాలు బిగించి నిలబడింది. పల్లవి దగ్గరపడుతోంది. ఆ పల్లవి డ్రమ్స్ దెబ్బతోనే మొదలవుతుంది. నేను వెనక్కి తిరిగి చూశాను. నౌఫెల్ రెండు కర్రలూ పైకెత్తి ఉన్నాడు. జనాన్ని చూస్తున్నాడు.

కర్రలు కింద పెట్టి లేచాడు. నడిచి వచ్చి గోఫ్రాన్ పక్కన నిలబడ్డాడు. ఆమె మైకు వదిలి పక్కకు తప్పుకుంది. ఏ వేదిక మీదా ఒక్కమాట మాట్లాడని మనిషి. ముందు వరసల్లో పాట తగ్గింది, వెనక ఇంకా సాగుతోంది.

"సాబిర్ మా అన్న," అన్నాడు. "పోయాడని నేననుకుంటున్నాను. ఉన్నాడని మా అమ్మ అనుకుంటోంది. ఇద్దరిలో ఎవరికీ తెలీదు. మా ఇల్లు అదిగో, అక్కడిదాకా వినబడుతుంది. ఈ పాట మేమిక పాడం."

ఎవడో పాట వినడానికే వచ్చామని అరిచాడు. ఒక నీళ్ల సీసా వచ్చి డ్రమ్ముకు తగిలి దొర్లింది. ఇంకొకటి గోఫ్రాన్ కాళ్ల దగ్గర పడింది. మరుక్షణం ఏమవుతుందో తెలియలేదు. నౌఫెల్ అక్కడే నిలబడి ఉన్నాడు. ముందు వరసలో ఒక ముసలామె లేచి వెనక్కి తిరిగి, సిగ్గులేదురా మీకు, తల్లి ఉందంటున్నాడు వినబడలేదా అని కుర్రాళ్లను కడిగేసింది. వెనక పాడుతున్న గుంపును వాళ్ల పక్కనున్నవాళ్లే ఊరుకోబెట్టడం మొదలెట్టారు. పాట ముక్కలు ముక్కలుగా ఆగిపోయింది.

షిహెబ్ గిటారు విప్పి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. మిగిలిన పాటలు గిటారు లేకుండానే వాయించాం. బాగా రాలేదు. జనం సగానికి సగం లేచిపోయారు. చూస్తే జొగ్లామీ కూడా లేడు. దిగుతున్నప్పుడు గోఫ్రాన్ చేతిలోని వైర్ల చుట్టను నౌఫెల్ అందుకున్నాడు. వారం తర్వాత ఆమెతో అన్న మొదటి మాట, "బరువుగా ఉంది, ఇటివ్వు."

ఎందుకు మనసు మార్చుకున్నావని నేనడిగాను. జనం మా అన్న గోరీ మీద గంతులేస్తున్నట్టనిపించింది అన్నాడు. గోఫ్రాన్ వద్దన్నాక కూడా షిహెబ్ వాయించాడు చూడు, నేనూ డ్రమ్స్ మీద దెబ్బ వేస్తే అతనికీ నాకూ తేడా ఏముంది అన్నాడు.

ఆ రాత్రి నౌఫెల్ ఇంటికి పోలేదు, మా అన్నయ్య గదిలో పడుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం వెళ్లేసరికి తల్లి చేపలపులుసు పెట్టి కూర్చుని ఉందట. రొట్టె తుంచి అతని ముందు పెట్టి అడిగిందట.

"నువ్వు పోయాడనే అనుకుంటున్నావు కదా?"

"అవునమ్మా."

"అనుకో. నా ముందు మాత్రం అనకు."

సరేనన్నాడు. తర్వాత ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారట. ఈ సంగతి చెబుతూ నౌఫెల్ ఏడ్చాడు. గానుగలో మేం ముగ్గురమే ఉన్నాం అప్పుడు.

పాట ఆగలేదు, మా చేతిలో లేదు. వ్యానుల్లో ఇప్పటికీ మోగుతుంది. ఖాల్తీ ఎక్కితే మాత్రం మా ఊరి డ్రైవర్లు కట్టేస్తారు.

షిహెబ్ ట్యూనిస్ వెళ్లి జొగ్లామీ కంపెనీలో వేరేవాళ్ల పాటలకు గిటారు వాయిస్తున్నాడు. చాలా నెలలు ఉలుకూ పలుకూ లేదు. పండక్కి ముందు గోఫ్రాన్‌కు ఫోన్ చేశాడు. ఆమె మాకూ వినబడేలా పెట్టింది.

"ఆరోజు నా వేళ్లు నా మాట వినలేదు గోఫ్రాన్," అన్నాడు.

"ఎందుకు వినలేదు, చక్కగా విన్నాయి," అంది గోఫ్రాన్.

అవును, విన్నాయి అన్నాడు షిహెబ్. గోఫ్రాన్ నౌఫెల్ వైపు చూసింది. నౌఫెల్ వద్దనలేదు. పండక్కి ఊరొస్తే గానుగ తాళం ఎక్కడుంటుందో తెలుసు కదా అని అడిగి ఆమె ఫోన్ పెట్టేసింది.