రోజారమణి చేతి పాస్తా

నెల్లూరులో పెంచలకృష్ణ నడిపే ఇటాలియన్ హోటల్లో ఉన్నవి ఆరే టేబుళ్లు. వచ్చినవాళ్లలో సగంమంది అడిగేది టమాటా పాస్తానే. అందులో హంగేమీ ఉండదు. పండిన టమాటాలు, వెల్లుల్లి, నూనె, ఉప్పు, అంతే. ఐదేళ్లుగా దాన్ని వండుతున్నది సముద్రం ఒడ్డునున్న జువ్వలదిన్నె నుంచి వచ్చిన రోజారమణి. టమాటాలను మిక్సీలో వేయనివ్వదు. వాళ్లమ్మ చేపల పులుసుకు చింతపండు పిసికినట్టు చేత్తోనే పిసికి, సన్నసెగ మీద నూనె తేలేదాకా పొయ్యి వదలదు.

ఆ ఆదివారం హోటల్ మీద వీడియో తీసేవాళ్లు వస్తున్నారని పెంచలకృష్ణ పొద్దున్నుంచీ హడావిడి పడ్డాడు. కౌంటర్లో కూర్చునే ఆండ్రూకు తెల్లకోటు, పొడుగు టోపీ తొడిగించాడు.

"రమణీ, వాళ్లు పొయ్యేదాకా నువ్వు లోపలే ఉండు. పాస్తా నువ్వే చెయ్యి, ఆండ్రూ తెచ్చి చూపిస్తాడు" అన్నాడు.

ఆమెకు నచ్చలేదు. అయినా చేసింది.

వడ్డించే కిటికీలోంచి హాల్లో మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి. ఆండ్రూ గోవాలో ఇటలీవాళ్ల దగ్గర నేర్చుకున్నాడని పెంచలకృష్ణ కెమెరాకు చెబుతున్నాడు. వారం వారం వచ్చే రిటైర్డ్ లెక్చరర్ ప్రేమలీల పక్క టేబుల్ నుంచి అడిగింది.

"లోపల ఒక అమ్మాయి ఉంటుంది గదా, వంట ఆమెది కాదా?"

"ఆమె గిన్నెలు తోమేదానికి మేడమ్. చేపలోళ్ల పిల్ల. ఆమె చేత వండిస్తే మీరు తింటారా?" అన్నాడు పెంచలకృష్ణ.

ప్రేమలీల చిన్నగా నవ్వి ఊరుకుంది.

రోజారమణి పొయ్యి కట్టేసింది. మోచేతులదాకా టమాటా రసంతోనే హాల్లోకి వచ్చింది.

"తింటానే ఉండారు గదన్నా. ఐదేండ్లుగా తింటానే ఉండారు."

"లోపలికి పో. తర్వాత మాట్లాడుకుందాం."

"ఆండ్రూని ఇప్పుడు వండమను. వెల్లుల్లి ఎప్పుడెయ్యాల్నో చెప్పమను."

ఆండ్రూ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నాకు చాతకాదక్కా" అన్నాడు నేల చూస్తూ.

రోజారమణి లోపలికి వెళ్లి ఒక ప్లేటు నిండా పాస్తా పెట్టుకుని వచ్చి, కెమెరా ఎదుటి టేబుల్ దగ్గర కూర్చుంది. అక్కడ పనిచేసిన ఐదేళ్లలో ఆ కుర్చీలో ఆమె ఎన్నడూ కూర్చోలేదు. కోపంతో ముద్ద దిగడం లేదు. అయినా ప్లేటు ఖాళీ అయ్యేదాకా లేవలేదు. పెంచలకృష్ణ ఎర్రబడిన ముఖంతో నిలబడిపోయాడు.

ప్రేమలీల దగ్గరికి వచ్చింది. "నేను నిన్నేమీ అనలేదమ్మా."

"అవును మేడమ్. మీరేమీ అన్లేదు."

ఏప్రాన్ విప్పి కౌంటర్ మీద పడేసి ఆమె బయటికి నడిచింది.

మూడో రోజు పెంచలకృష్ణ ఫోన్ చేశాడు. జీతం పెంచుతానన్నాడు.

"జీతం సంగతి తర్వాత. వండేది నేనని ఆ కెమెరా ముందరే చెప్తావా?"

"అట్ట ఎట్ట చెప్తా రమణీ? జనం ఏమనుకుంటారు?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు ఆమె ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తోంది. ఆదివారం పాస్తా చేస్తే పిల్లలు "రోజక్కా, ఇంకొంచెం" అంటూ వంటగదిలోకే వచ్చేస్తారు. వాళ్లకు వడ్డిస్తుంటే ఆమెకు బాగానే ఉంటుంది. ఆ హోటల్ వీధిలోకి ఆటో మళ్లినప్పుడు మాత్రం, ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి.